చేట పట్టే చెయ్యి

ఒంటిచేత్తో ఇచ్చిన వాయనం వాయనమేనా, కాదా?

ఈ సందేహాన్ని సీతారత్నం ఏళ్ల తరబడి మోస్తోంది. మోయడానికి పనికొచ్చే చెయ్యి ఒక్కటే కనుక సందేహం కొంచెం బరువుగానే ఉండేది.

కుడిచెయ్యి లేదని కాదు. ఉంది. గాజులు తొడిగితే తొడిగించుకుంటుంది, గోరింటాకు పెడితే ఎర్రగా పండుతుంది. పక్షవాతం వచ్చి, మాటా నడకా మళ్లీ కుదుటపడ్డాక, ఆ చేతికి పట్టు మాత్రం తిరిగి రాలేదు. వేళ్లు అయిదూ విడిదింట్లో దిగిన మగపెళ్లివారిలా, ఏ పనీ ముట్టుకోకుండా, మర్యాదలకు మాత్రం సిద్ధంగా కూర్చున్నాయి.

మిగతా పనులన్నీ ఆవిడ ఎడమచేత్తో నేర్చుకుంది. కూర తరగడానికి ఒక ఉపాయం, కొబ్బరికాయ కొట్టడానికి ఒక ఉపాయం, కుచ్చిళ్లు పోసుకోవడానికి మరో ఉపాయం. ఏ ఉపాయమూ దొరకనిది వాయనం ఒక్కటే. జబ్బు చెయ్యకముందు పట్టిన నోము అది. అనుకున్న ముత్తైదువల్లో ఒక్కరికి తప్ప అందరికీ వాయనాలు ఇచ్చేసింది. ఆఖరిది ఎదురింటి భ్రమరాంబ గారికి. పసుపూ కుంకుమా పంపి, "శుక్రవారం వస్తానండి పిన్నిగారూ" అని కబురు కూడా చేసింది. మంగళవారం చెయ్యి పడిపోయింది. ఆ ఒక్క వాయనమూ ఇస్తేగాని నోము తీరదు.

పురోహితుడు చయనులు గారిని అడిగితే, "దేవుడు మనసు చూస్తాడు తల్లీ, చేతులు లెక్కపెడతాడా?" అన్నారు. అని, స్వయంపాకం మాత్రం రెండు చేతులా అందుకుని వెళ్లారు.

భ్రమరాంబ గారు అంత మెత్తని మనిషి కాదు.

"ఒంటిచేత్తో పెట్టేదాన్ని బిచ్చం అంటారే రత్నం. వాయనం అంటే రెండు చేతులా చేట పట్టాలి, పైన కొంగు కప్పాలి, 'ఇస్తినమ్మ వాయనం' అనాలి. నేనూ రెండు చేతులా పట్టి 'పుచ్చుకుంటినమ్మ వాయనం' అనాలి. నా కాళ్లు వంగకపోయినా పీట మీద కూచుంటాను గానీ బిచ్చం పుచ్చుకోను."

ఆగడానికి సీతారత్నానికి అభ్యంతరం లేదు. ఆగలేనిది భ్రమరాంబ గారి భర్త పేర్రాజు గారి ఉబ్బసం. ఆయనకి ఎనభై దాటాయి. వాన పడితే ఆయాసం, మంచు పడితే దగ్గు, ఎండ కాస్తే రెండూ. ఆయన ఉన్నంతవరకే భ్రమరాంబ గారు ముత్తైదువ. మొగుడికి ఊపిరాడకపోతే పెళ్లానికి వాయనం ఎందుకు పోవాలో, ఈ నియమం పెట్టిన పెద్దలెవరో సీతారత్నానికి ఏనాడూ అర్థం కాలేదు. అర్థం కాకపోయినా మిరియాల కషాయం మాత్రం రోజూ ఎదురింటికి పంపేది.

"ఏవయ్యా సూరిబాబూ, నా ఊపిరితిత్తుల మీద ఇద్దరు ఆడవాళ్లు నోము నడుపుతున్నారు చూశావా?" అని పేర్రాజు గారు సీతారత్నం భర్తతో అంటూ ఉండేవారు. "చచ్చే స్వతంత్రం కూడా లేకుండా పోయిందయ్యా నాకు."

ఇలా ఉండగా ఒకనాడు ఆటోకి మైకు కట్టుకుని ఒకాయన వీధిలోకి వచ్చాడు. జిల్లాలో 'సహాయక పరికరాల సహ రూపకల్పన కేంద్రం' తెరిచారట. ఇదివరకు పొట్టివాడికీ పొడుగువాడికీ ఒకే కర్ర ఇచ్చేవారట. ఇకమీదట అలా కాదట. ఎవరికి ఏది కావాలో వాళ్లతోనే కూర్చుని, వాళ్లని అడిగి, వాళ్ల కొలతలకి, చవకగా తయారుచేస్తారట. 'మీరు లేకుండా మీకేదీ లేదు' అని మైకు మూడుసార్లు చెప్పి సందు తిరిగిపోయింది.

మంచి మాటే అనుకుంది సీతారత్నం. మర్నాడే స్నానం చేసి, దేవుడికి దణ్ణం పెట్టుకుని, చేట చంకలో పెట్టుకుని కేంద్రానికి వెళ్లింది.

కేంద్రం సంచాలకులు వామనమూర్తి గారు లేచి నిలబడి నమస్కారం పెట్టారు. ఒక కార్యాలయంలో తనని చూసి అధికారి లేచి నిలబడటం ఆవిడ జన్మలో అదే మొదలు. బెదిరిపోయి గబగబా విషయం చెప్పేసింది.

"ఇదిగోండి చేట. ఈ అంచుని ఈ చెయ్యి పట్టుకోవాలండి. వేళ్లు పట్టవు గానీ మణికట్టు గట్టిగానే ఉంది. మణికట్టుకో పట్టీ, ఆ పట్టీకి ఓ బిగింపు లాంటిది పెడితే సరిపోతుందనుకుంటున్నానండి."

వామనమూర్తి గారు కుర్చీలో కూలబడ్డారు. గుడిలో ఎవరో చెప్పులతో నడిచినంత బాధ ఆయన ముఖంలో కనిపించింది.

"అమ్మా, మీరు పరిష్కారం చెప్పేశారు."

"చెప్పకూడదాండీ?"

"మొదటిరోజే చెప్పేస్తే సహ రూపకల్పన ఎక్కడ మిగులుతుందమ్మా? ముందు అవసర అన్వేషణ దశ. తరువాత సహానుభూతి దశ. తరువాత భావ సంచయన దశ. పరిష్కారం అనేది వీటన్నిటి తరువాత, తనంతట తాను, మనందరి మధ్యలోంచి ఆవిర్భవించాలి."

"అవసరం నేను ఇంటి దగ్గరే అన్వేషించుకుని వచ్చానండి."

"అది మీ వ్యక్తిగత అవసరం. మనం అన్వేషించవలసింది సహ అవసరం. మీరు ఇక్కడ లబ్ధిదారు కాదమ్మా. సహ రూపకర్త!" అంటూ ఆయన బల్ల మీద చెయ్యి చరిచారు. ఆ మాట బాగానే ఉంది గానీ, చేట పట్టుకునేలా లేదు.

అలా ఆవిడ రోజూ కేంద్రానికి వెళ్లడం మొదలైంది. ఒక గది గోడల నిండా రంగు రంగుల కాగితాలు అంటించి ఉండేవి. సమన్వయకర్త నీరజాక్షి అనే అమ్మాయి అందరినీ గుండ్రంగా కూర్చోబెట్టి ప్రశ్నలు అడిగేది. మంచిపిల్ల. ఎవరేం చెప్పినా "వావ్" అనేది.

సీతారత్నం పక్కన చక్రాల కుర్చీలో దావీదు అనే కిరాణా కొట్టాయన కూర్చునేవాడు. ప్రభుత్వం ఇచ్చిన ఆ కుర్చీ అతని కొట్టు గుమ్మం కన్నా వెడల్పు. దాంతో కొట్టు లోపల, యజమాని బయట. భార్య లోపలినుంచి అమ్ముతుంటే ఇతను ఎండలో కూర్చుని చిల్లర ఇచ్చేవాడు. సన్నపాటి కుర్చీ ఒకటి కావాలని అడగడానికి వచ్చి, అతనూ సహ రూపకర్త అయి కూర్చున్నాడు.

"ఇవాళ మనం ఊహల్లోకి వెళదాం," అంది నీరజాక్షి. "సీతారత్నం గారూ, మీ కుడిచెయ్యి ఒక పక్షి అయితే, అది ఏ పక్షి?"

సీతారత్నం నిజాయితీగా ఆలోచించింది. "కోడి అనుకుంటానండి. రెక్క ఉంటుంది గానీ ఎగరదు కదా."

"పెట్టా, పుంజా చెప్పండక్కగారూ," అన్నాడు దావీదు. "వాళ్లు రాసుకోవాలి."

నీరజాక్షి ఒక పసుపుపచ్చ కాగితం మీద 'వినియోగదారు స్వేచ్ఛను కోరుతున్నారు' అని రాసి గోడకి అంటించింది. తరువాత దావీదుని, "మీ కొట్టు గుమ్మం మీతో మాట్లాడితే ఏమంటుంది?" అని అడిగింది.

"ఏముంటుందండీ. 'ఒరేయ్ దావీదూ, ఇంకా బయటే ఉన్నావేంట్రా' అంటాది."

"వావ్," అంది నీరజాక్షి. దానికి ఆకుపచ్చ కాగితం వచ్చింది.

ఈలోగా 'చవక' అనే మాటకి అర్థం తేల్చడానికి ఒక ఉపసంఘం వేశారు. వాళ్లు ఊళ్లోకెల్లా పెద్ద హోటల్లో రెండు పూటలా కూర్చుని, భోజనాల తరువాత, చవక అంటే ఖరీదు కానిది అని ఏకగ్రీవంగా తీర్మానించారు. ఆ తీర్మానం పటం కట్టించి గుమ్మంలో వేలాడదీశారు.

ఒకరోజు కేంద్రంలోకి అడుగుపెట్టేసరికి, బల్ల మీద ఒక పట్టీ కనిపించింది. మెత్తని తోలు. మీద ఒక బిగింపు. అచ్చం సీతారత్నం మొదటిరోజు చెప్పినట్టే ఉంది. అన్ని దశలూ దాటి, అందరి మధ్యలోంచి ఆవిర్భవించిందట. నీరజాక్షి దాన్ని ఆవిడ మణికట్టుకి కట్టింది. చేట అంచు బిగింపులో పెట్టింది.

చేట నిలిచింది.

రెండు చేతుల మధ్య చేట. ఎన్నాళ్లయిందో అలా పట్టుకుని. సీతారత్నం కళ్లల్లో నీళ్లు తిరిగాయి. చేటతోనే వామనమూర్తి గారికి నమస్కారం పెట్టబోయింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఫొటోలు తీశారు. తరువాత నీరజాక్షి పట్టీ విప్పి బీరువాలో పెట్టి తాళం వేసింది.

"అదేంటమ్మా, నాకివ్వరా?"

"ఇవ్వకూడదమ్మా," అన్నారు వామనమూర్తి గారు ఎంతో మృదువుగా. "ఆలోచించండి. పరికరం మీ చేతికిస్తే ఏమవుతుంది?"

"చేట పట్టుకుంటానండి."

"అంటే మీ అవసరం తీరిపోతుంది. అవసరం తీరినవారు వినియోగదారులు కారు. వినియోగదారు లేకుండా రూపకల్పన చేయడం మా మూలసూత్రానికే విరుద్ధం. ఇంకా ఈ పట్టీకి మెరుగుదల దశ ఉంది, పునర్మెరుగుదల దశ ఉంది. మీరు లేకుండా మీ పట్టీ ఎలా పూర్తిచేస్తాం? కనుక పట్టీ పూర్తయ్యేవరకూ మీరుండాలి. మీరుండాలంటే పట్టీ మీ దగ్గర ఉండకూడదు."

సీతారత్నం ఆ మాటల్ని ఆ చివరినుంచి ఈ చివరికీ, ఈ చివరినుంచి ఆ చివరికీ నడిచి చూసింది. ఎక్కడా సందు దొరకలేదు. "పూర్తి ఎప్పుడవుతుందండీ?" అని అడిగింది.

"మెరుగుదలకు అంతం ఉంటుందా అమ్మా?" అన్నారాయన. అంటుంటే ఆయన కళ్లల్లోనూ నీళ్లు తిరిగాయి.

"బాగుందక్కగారూ," అన్నాడు దావీదు బయటికి వచ్చాక. "ఆకలేసినవాడే కూర రుచి చెప్పాలి, తింటే ఆకలి తీరిపోద్ది, కాబట్టి వాసన చూపించి పొయ్యి మీదే ఉంచుతారంట. నన్ను చూశారా, 'గౌరవ ప్రధాన వినియోగదారు' అని బోర్డు చేయించి ఇచ్చారు. కొట్టుకి తగిలించా. బోర్డు మాత్రం గుమ్మంలోకి పట్టింది."

ఆ సాయంత్రం ఎదురింట్లో పేర్రాజు గారి దగ్గు మామూలుకంటే లోతుగా వినిపించింది. భ్రమరాంబ గారు గుమ్మంలో నిలబడి, "ఏమే, నా వాయనం ఏ దశలో ఉంది?" అని అడిగారు.

"పునర్మెరుగుదల దశ పిన్నిగారూ."

"మీ బాబాయిగారు కూడా అదే దశలో ఉన్నారు. వాయనాన్ని తొందరగా రమ్మను."

సీతారత్నం కషాయంలో ఇంకో నాలుగు మిరియాలు వేసింది.

ఆ తరువాత పైనుంచి కేంద్రానికి ఒక ఉత్తర్వు వచ్చింది. అనుభవించనిదే అర్థం కాదు గనుక, సిబ్బంది అందరూ పనివేళల్లో ఏదో ఒక వైకల్యాన్ని స్వచ్ఛందంగా స్వీకరించి విధులు నిర్వహించవలెను అని. వామనమూర్తి గారు సీతారత్నం మీద గౌరవంతో కుడిచెయ్యి ఎంచుకుని, పట్టు ఉత్తరీయంతో మెడకి కట్టించుకున్నారు. నీరజాక్షి కళ్లకి గంతలు కట్టుకుంది. లెక్కల గుమాస్తా నడవలేనివాణ్ని అవుతానన్నాడు. అతనికి అదివరకే లేచే అలవాటు తక్కువ గనుక పెద్ద తేడా తెలియలేదు.

ఇక సహ రూపకర్తలకి చేతినిండా పని. దావీదు గుమాస్తాని తన కుర్చీలో కూర్చోబెట్టి తాను నేల మీద జరుగుతూ దారి చూపించేవాడు. కళ్లకి గంతలున్న నీరజాక్షి గోడకి అంటించే కాగితాలు జనం వీపులకి అంటించేది. మధ్యాహ్నం వామనమూర్తి గారికి ఎడమచేత్తో అన్నం కలుపుకోవడం రాకపోతే, సీతారత్నం తన ఎడమచేత్తో పప్పన్నం కలిపి ముద్దలు పెట్టేది.

"ఎంత కష్టమమ్మా ఈ జీవితం!" అని ఆయన కంటతడి పెట్టారు. "మీరు ఎలా భరిస్తున్నారో!"

"అవునండి. కాస్త నోరు తెరవండి," అంది సీతారత్నం. ఎడమచేత్తో పెడుతున్నానే అని ఆవిడకి లోపల ఒక బెంగ. తినేవాడికి లేని పట్టింపు తనకెందుకని సరిపెట్టుకుంది. పిన్నిగారిక్కూడా ఆకలేస్తే బాగుండుననిపించింది, అనిపించినందుకు లెంపలు వేసుకుంది. ఒక లెంపే.

అసలు గొడవ ఫైళ్ల దగ్గర వచ్చింది. ఒంటిచేత్తో ఫైలు పట్టుకుని సంతకం పెట్టడం వామనమూర్తి గారి వల్ల కాలేదు. ఫైలు బల్ల మీద పెట్టి సంతకం చెయ్యొచ్చు గదా అని దావీదు అన్నాడు గానీ, మొదటిరోజే పరిష్కారం చెప్పకూడదన్న సంగతి అతనికి గుర్తుచేశారు. సంతకాలు ఆగాయి. జీతాల ఫైలు కూడా ఆగింది. ఆగగానే అవసర అన్వేషణ దశ ఆ పూటే ముగిసింది. సహానుభూతి అప్పటికే పుష్కలంగా ఉంది. ఆ వారం తిరక్కుండానే 'ఫైలు పట్టీ' తయారై వచ్చింది. మణికట్టుకి కట్టుకోవచ్చు, మీద వెడల్పాటి బిగింపు. బీరువాలో ఉన్న పట్టీకి తమ్ముడిలా ఉంది. ఒకటి కాదు, పెట్టెలకు పెట్టెలు దిగాయి.

సీతారత్నం ఆశగా దగ్గరికి వెళ్లింది. "అయ్యా, ఇవి తమ చేతికి ఇచ్చేశారు కదండీ. తమ అవసరం తీరిపోయినట్టేనా?"

"చక్కటి ప్రశ్న," అన్నారు వామనమూర్తి గారు, పట్టీ చూసి మురిసిపోతూ. "మా అవసరం తీరేది కాదమ్మా. సాయంత్రం విప్పేస్తాం, పొద్దున్నే మళ్లీ కట్టుకుంటాం. రోజూ కొత్తగా పుడుతుంది. మీది అలా కాదే! ఒకసారి తీరితే తీరినట్టే. కనుక శాస్త్రీయంగా చూస్తే శాశ్వత వినియోగదారులం మేమే."

సీతారత్నం చేట చంకలో పెట్టుకుని ఇంటికి వచ్చేసింది. ఆ రాత్రంతా ఎదురింటి దగ్గు వినబడుతూనే ఉంది. తెల్లవారి డాక్టరు వచ్చి చూసి, మందులు మార్చి, "చలిగాలి తగలనివ్వకండి, ఆయన్ని లేవనివ్వకండి" అని చెప్పి వెళ్లాడు. పోతూ పోతూ తల ఒకలా ఊపాడట. ఆ ఊపుకి అర్థం ఏమిటా అని వీధి వీధంతా మాట్లాడుకుంది.

"ఇంక ఆగితే లాభం లేదక్కగారూ," అన్నాడు దావీదు ఆవిడ గోడు విని. "వచ్చే ఆదివారం జిల్లా అనుభూతి పోటీలు పెట్టారు. అవిటితనం అందరికన్నా బాగా అనుభవించినోళ్లకి బహుమతులంట. రాజధాని నుంచి జడ్జీలొస్తున్నారు. మీరూ పేరివ్వండి."

"అది కాళ్లూ చేతులూ ఉన్నవాళ్లకి కదయ్యా!"

"మీకు లేవా ఏంటి? మీ చెయ్యి మీ దగ్గరే ఉందిగా. చేతులు పనిచేసేటట్టు ఋజువు తెమ్మని ఎవరూ అడగరు. పనిచెయ్యట్లేదన్న ఋజువు మాత్రం మనల్నే అడుగుతారు."

"అబద్ధం ఆడినట్టు కాదూ?"

"ఒక్క మాట కూడా ఆడకండి. అడిగినదానికి ఉన్నది చెప్పండి. దేవుడి దయ."

దేవుడి పేరు చెప్పాడు కనుక సీతారత్నం ఒప్పుకుంది. "మరి నువ్వు రావూ?"

"నాకు ముఖంలో బాధ పెట్టడం రాదక్కగారూ. చిన్నప్పట్నుంచీ అంతే."

ఆదివారం మైదానంలో షామియానా వేశారు. బల్ల దగ్గర కూర్చున్నతను సీతారత్నాన్ని, "కుడిచెయ్యి కట్టమంటారామ్మా?" అని అడిగాడు.

"కట్టక్కర్లేదు నాయనా. అలాగే ఉంచుకుంటాను."

అతను మెచ్చుకోలుగా చూసి లోపలికి పంపాడు. వేదిక మెట్ల దగ్గర వామనమూర్తి గారు ఎదురయ్యారు. చూసి ఉలిక్కిపడ్డారు. "సీతారత్నం గారూ! మీరు వినియోగదారు కదా. పోటీకి ఎలా వచ్చారు?"

సీతారత్నం కొంగు సర్దుకుంది. దావీదు చెప్పినట్టే, ఉన్నది చెప్పింది. "ఇవాళ ఆదివారం కదండీ. కేంద్రానికి సెలవు. సెలవురోజున కూడా నేను వినియోగదారునేనాండీ?"

వామనమూర్తి గారు కళ్లు మూసుకుని నిబంధనలన్నీ తలుచుకున్నారు. పనివేళలు సోమవారం నుంచి శనివారం వరకే. ఆయన కళ్లు తెరిచి, "కారు," అన్నారు. "మీరు ఇవాళ కేవలం పౌరురాలు. శుభాకాంక్షలు."

పోటీలో అందరూ ఒంటిచేత్తో కొబ్బరికాయ కొట్టాలి, సంచీ మూతి కట్టాలి, చొక్కా గుండీలు పెట్టాలి. వామనమూర్తి గారు కొబ్బరికాయ కాలి మీద వేసుకుని, కుంటుతూ, ఏడుస్తూ, మధ్యలో ఒకసారి ఆకాశంకేసి చూసి మరీ గుండీలు పెట్టారు. జనం కళ్లు ఒత్తుకున్నారు. నీరజాక్షి గంతలతో వేదిక అంచు దాటి షామియానాలో చుట్టుకుపోయింది.

సీతారత్నం వంతు వచ్చింది. కొంగు చుట్టగా చుట్టి నేల మీద పెట్టి, దాని మీద కాయ కుదురుగా నిలబెట్టి, రాయితో ఒక్క దెబ్బ కొట్టింది. కాయ రెండు చెక్కలైంది. సంచీ తాడు పంటితో లాగి ముడివేసింది. గుండీలు బొటనవేలితో కింది నుంచి పైకి నెట్టుకుంటూ పోయింది. అలవాటైన పనులే. ఆఖర్న దణ్ణం పెట్టి పక్కకి నిలబడింది.

న్యాయనిర్ణేతలు ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"వేగం ఉందమ్మా, కానీ బాధ లేదు," అన్నారు ఒకాయన. "మధ్యలో ఒక్కసారైనా నిట్టూర్చలేదు."

"నిట్టూరిస్తే ముడి జారిపోతుందండి."

"దివ్యాంగులు ఇలా చేయరమ్మా," అన్నారు రెండో ఆయన ఓపిగ్గా. "మీరు ఎప్పుడైనా వారిని దగ్గరనుంచి గమనించారా?"

"గమనించానండి."

"ఇంకా గమనించాలి. రోజూ కాసేపు చెయ్యి కట్టుకుని సాధన చేయండి. పైకొస్తారు."

మొదటి బహుమతి వామనమూర్తి గారికి, రెండోది నీరజాక్షికి, మూడోది లెక్కల గుమాస్తాకి వచ్చాయి. మిగిలినవాళ్లందరికీ ప్రోత్సాహక బహుమతి అని ప్రకటించారు. పెట్టెలకు పెట్టెలు మిగిలిపోయిన ఫైలు పట్టీలే ప్రోత్సాహక బహుమతి. వామనమూర్తి గారు స్వయంగా సీతారత్నం చేతికి అందించారు. అందించి, కొంచెం వెనక్కి లాగి, ఆలోచించి, మళ్లీ అందించారు.

"ఇది బహుమతి మాత్రమేనమ్మా, పరికరం కాదు. కనుక మీ అవసరం తీరినట్టు కాదు. సోమవారం యథావిధిగా రండి," అన్నారు.

మైదానం దాటేవరకూ సీతారత్నం మామూలుగా నడిచింది. దాటాక పరిగెత్తింది.

శుక్రవారం దాకా పేర్రాజు గారు ఊపిరి నిలబెట్టుకున్నారు. ఆ ఉదయం సీతారత్నం చేటలో పసుపు, కుంకుమ, రవికల గుడ్డ, పళ్లు, నానబెట్టిన శనగలు సర్దింది. మీద ఇంకో చేట మూసింది. సూరిబాబు పట్టీ కట్టి, చేట అంచు బిగింపులో పెట్టి, టక్కుమనిపించి, "ఫైలు లాగే కూచుంది," అని నవ్వి, తమలపాకులు మరిచిపోయామని బజారుకి పరిగెత్తాడు. ఆవిడ అతని కోసం ఆగలేదు. తమలపాకులు వెనకనుంచి రావచ్చు, ఊపిరి రాదు.

ఎదురింట్లో పేర్రాజు గారు పడక్కుర్చీలో, మెడకి మఫ్లరు చుట్టుకుని కూర్చుని ఉన్నారు. "ఈ కాసేపూ దగ్గకండి, మంచి జరుగుతున్న వేళ," అని భార్య ముందే చెప్పి ఉంచింది. ఆయన రెండు పెదవులూ బిగించుకుని చూస్తున్నారు.

భ్రమరాంబ గారు పీట మీద కూర్చున్నారు. సీతారత్నం ఎదురుగా వంగింది. రెండు చేతులా చేట. పైన ఇద్దరి కొంగులూ.

"ఇస్తినమ్మ వాయనం," అంది సీతారత్నం.

"పుచ్చుకుంటినమ్మ వాయనం," అని భ్రమరాంబ గారు రెండు చేతులా పట్టి లాక్కున్నారు.

చేట రాలేదు.

"పుచ్చుకుంటినమ్మ వాయనం," అని ఇంకాస్త గట్టిగా లాగారు. చేటతోపాటు సీతారత్నం వచ్చింది.

"వదలవే!"

"నేనెక్కడ పట్టుకున్నాను పిన్నిగారూ! పట్టీ వదలట్లేదు."

సంగతేమిటంటే, ఆ పట్టీని తయారుచేసుకున్నది అధికారులు. చేతికొచ్చిన ఫైలు అధికారి చేతిలోంచి తనంతట తాను జారిపోకూడదు. పక్కనున్న బంట్రోతు వచ్చి, పట్టీ అడుగున ఉన్న మీట నొక్కి, వినయంగా తీసుకుపోవాలి. కట్టుకున్నవాళ్ల చేతికి ఆ మీట అందదు. అందితే అధికారి స్థాయి ఏం కాను?

"అడుగున ఏదో మీట ఉన్నట్టుంది. ఓ చెయ్యి వదిలి అది నొక్కండి పిన్నిగారూ," అంది సీతారత్నం.

"వదిలితే నాది ఒంటిచెయ్యి అవదటే! ఇన్నేళ్లు ఆగి ఇప్పుడు బిచ్చం పుచ్చుకోనా? నువ్వే నొక్కు."

"నేను ఎడమచెయ్యి వదిలితే శనగలు కింద పడతాయి."

ఇద్దరూ కొంగుల కింద నుంచి ఒకరినొకరు చూసుకున్నారు. చేట ఇచ్చినవారిదీ కాదు, పుచ్చుకున్నవారిదీ కాదు. అటు చూస్తే సూరిబాబు జాడ లేదు. భ్రమరాంబ గారి నడుము నొప్పి మొదలైంది. సీతారత్నం మనసులో గౌరీదేవికి మొక్కుకుంది.

పడక్కుర్చీ కిర్రుమంది.

డాక్టరు లేవనివ్వద్దన్న పేర్రాజు గారు లేచారు. గోడ పట్టుకున్నారు, తరువాత ద్వారబంధం పట్టుకున్నారు, తరువాత భార్య భుజం పట్టుకున్నారు. పెదవులు మాత్రం విప్పలేదు. ముఖం కందగడ్డలా ఎర్రబడింది. వంగి, కొంగుల కిందికి చెయ్యి దూర్చి, తడిమి తడిమి, మీట నొక్కారు.

టక్కుమంది. చేట భ్రమరాంబ గారి ఒళ్లోకి వచ్చిపడింది. ఒక్క శనగగింజ కూడా కింద పడలేదు.

"పుచ్చుకుంటినమ్మ వాయనం," అన్నారావిడ మూడోసారి, ఈసారి చిన్నగా. చేట గుండెకి హత్తుకుని, సీతారత్నం నుదుట బొట్టుపెట్టి, "తీరిపోయిందే తల్లీ నీ నోము," అన్నారు.

పేర్రాజు గారు ఇద్దరి వైపూ మార్చి మార్చి చూశారు.

"ఇక నన్ను దగ్గనిస్తారా?" అన్నారు.